చూచివ్రాత, కుమ్మరిసారె

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్ల పండుగలో మాట్లాడవలసినదిగా ఒక కుమ్మరిని పిలిచినందుకు మీ అందరికీ కృతజ్ఞుడను. పిలుపు వచ్చినప్పుడు ఉత్సవ సంఘంవారిని, "నేనేమి చెప్పగలనయ్యా?" అని అడిగాను. "నలభై ఏండ్లుగా ఒకే పని చేస్తున్నారు కదా, విసుగు ఎట్లా రాలేదో చెప్పండి, చాలు" అన్నారు. నాకు విసుగు రాలేదని వారు అనుకున్నారు. వచ్చింది. వచ్చి కొన్నేండ్లు మా ఇంట్లోనే ఉన్నది. అది ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయిందో చెప్పడమే ఈనాటి నా ప్రసంగం.

మొదట మా వృత్తిని గూర్చి రెండు మాటలు. కుమ్మరికి ఏడాది అంతా ఒకే పని ఉండదు. ఒక్కొక్క ఋతువుకు ఒక్కొక్క పని. సంక్రాంతికి పొంగలి కుండలు, వేసవికి నీళ్ల కడవలు, కూజాలు, వినాయక చవితికి మట్టి విగ్రహాలు, దసరాకు కొలువు బొమ్మలు, కార్తీకానికి ప్రమిదలు. నడుమ పెండ్లిండ్లు వస్తే ఐరేని కుండలు. తెలుగువారి పెండ్లిలో మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వచ్చి ఆ కుండలను తీసుకొనిపోయే ఆచారం మీరెరిగినదే. ఆ ఒక్క పూట మా గడప ఊరికంతా పెద్ద గడప. మరునాటినుండి మళ్లీ మట్టి, నీరు, నిప్పు, బేరం.

మన హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కృష్ణగిరి పట్టణం అంతకంటె ఎంతో దిగువన ఉన్నది. అక్కడి ఎండకు రెండు దినాలలో ఆరే కుండ ఇక్కడి చలిగాలికి నాలుగు దినాలైనా తడిగానే ఉంటుంది. వాన పట్టిందంటే సారె ఆగిపోతుంది. మట్టి చెరువునుండి రావాలి. దానికి అనుమతులకోసం తిరగడం మా తండ్రుల నాటినుండి ఉన్న బాధ. 2024లో తమిళనాడు ప్రభుత్వం రైతులకు, కుమ్మరులకు తహసీల్దారు స్థాయిలోనే ఆ అనుమతి ఇచ్చే ఏర్పాటు చేసింది. ఇన్ని చిక్కుల నడుమ కుండ చేసి అమ్ముకొనేవానికి, పనిలో కొత్తదనం అనే మాట తీరిక ఉన్నవారి మాటగా వినిపించడం సహజం. నాకూ చాలాకాలం అట్లాగే వినిపించింది.

ఇక ఈ పాఠశాలకు వస్తాను. నేను చదివిన కాలంలో మనది ధర్మపురి జిల్లా. కృష్ణగిరి జిల్లా 2004లో ఏర్పడింది. మూడవ తరగతిలో మాకు చూచివ్రాత ఉండేది. పుస్తకంలో పై పంక్తి అచ్చువేసి ఉంటుంది; దాని క్రింద పది పంక్తులు మనం వ్రాయాలి. నా దస్తూరి మొదటి పంక్తిలో ముత్యాలవలె ఉండి, అయిదవ పంక్తికి వంగి, పదవ పంక్తికి పడిపోయేది. చేయి నొప్పివలన అట్లా అవుతున్నదని నేననుకొనేవాడిని. మా అయ్యవారు ఒకనాడు నా ప్రక్కన కూర్చుండి, నేను వ్రాస్తూ ఉండగా నా చేతిని కాక నా కన్నులను చూచారు. చూచి, "ఒరే, నువ్వు పై పంక్తిని చూచేది ఒక్కసారే. తర్వాత నీ పంక్తిని చూచి నువ్వే వ్రాసుకుంటున్నావు. రెండో దానిలోని తప్పు మూడో దానిలోకి వస్తున్నది. రేపటినుండి అడుగునుండి పైకి వ్రాసుకొని రా" అన్నారు.

అడుగు పంక్తి మొదట వ్రాసి పైకి పోతే, చూచుకొనడానికి అచ్చు పంక్తి తప్ప మరొకటి కన్నుకు ఎదురుగా ఉండదు. నెల దినాలలో నా దస్తూరి కుదిరింది. ఆ మాటలోని లోతు అప్పుడు నాకు తెలియలేదు. అది తెలియడానికి ఒక కార్ఖానా, ఒక ముసలమ్మ కావలసి వచ్చారు.

1970ల తర్వాత మన ఊరికి పరిశ్రమలు వచ్చాయి. మా ఈడు పిల్లలలో చాలామంది సైకిలెక్కి ఆ గేట్లలోకి వెళ్లారు. చదువు ముగిసిన తర్వాత నేను కూడ ఒక చిన్న వర్క్‌షాపులో రెండేండ్లు పనిచేశాను. రోజుకు కొన్ని వందల ముక్కలు, అన్నీ ఒకే కొలత. అక్కడ ఒక సంగతి గమనించాను. చేసిన ప్రతి ముక్కను ఉక్కు గేజిలో పెట్టి చూచేవారు. ఇప్పుడు చేసిన ముక్కను ఇంతకుముందు చేసిన ముక్కతో సరిచూచే పద్ధతి అక్కడ లేదు. ఎందుకని మేస్త్రీని అడిగితే, "ముక్కను చూచి ముక్క చేస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది. సాయంత్రానికి ఆ వెంట్రుకవాసులన్నీ కలిసి వేలెడవుతాయి" అన్నాడు. మా అయ్యవారి మాటనే ఆయన ఉక్కు భాషలో చెప్పాడు. అప్పుడూ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

నాయనకు మోకాళ్లు పట్టుకొనిపోయి సారె ముందు కూర్చుండలేని స్థితి వచ్చినప్పుడు నేను ఇంటికి వచ్చేశాను. మొదటి రెండు మూడేండ్లు సంబరంగానే గడిచాయి. ఆ తర్వాత గిరాకీ పెరిగింది. లారీలమీద సరుకు తీసుకొనిపోయే వ్యాపారులు వచ్చారు. "కుండ దారిలో పగలకూడదు" అన్నారు, మంట పెంచాను. "బరువు తగ్గాలి" అన్నారు. ఇసుక తగ్గించి, మట్టిని మెత్తగా వడకట్టి, అంచు పలుచన చేశాను. "నున్నగా మెరవాలి" అన్నారు. ఎర్రమన్ను పూత దట్టంగా పూసి రాతితో మెరుగుపెట్టాను. అడిగినది ప్రతిసారీ కొంచెమే. చేసిన మార్పు ప్రతిసారీ వెంట్రుకవాసే. నిన్నటి కుండను ఎదుట పెట్టుకొని ఈనాటి కుండ చేస్తూ ఉన్నాను. డబ్బు వచ్చింది. దానితోపాటు విసుగు కూడ వచ్చింది. ఉదయం సారె తిప్పడానికి కఱ్ఱ చేత పట్టుకోగానే సాయంత్రం ఎప్పుడవుతుందా అని మనసు ఎదురు చూచేది.

ఒక వేసవిలో మా వీధి చివరనుండి ఒక ముసలమ్మ కడవను చంకనెత్తుకొని వచ్చింది. పగులు లేదు, ఓటి లేదు. ఎందుకు తెచ్చిందో నాకు అర్థం కాలేదు. "ఏమప్పా, నీ కడవ చూడ్డానికి బంగారంలాగుంది. లోపల నీళ్లు మాత్రం చల్లబడవే. మీ నాయన చేసింది ఇట్లుండలేదే!" అన్నది. డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "డబ్బెందుకు? చల్లని నీళ్లు కావాల" అని కడవను అరుగుమీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కడవలో నీరు ఎందుకు చల్లబడుతుందో ఈ పాఠశాలలోనే సామాన్యశాస్త్రంలో చదువుకొన్నాను. కుండ గోడలోని సూక్ష్మరంధ్రాలగుండా నీరు వెలుపలికి చెమర్చాలి; ఆ చెమట గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకొనిపోవాలి. ఇసుక తగ్గించి, మంట పెంచి, పూత దట్టించి ఆ రంధ్రాలను నేనే మూసివేశాను. నా కడవ చెమర్చడం మానేసింది. దానిని చేసే నేను కూడ మానేశాను.

అప్పుడు చూచివ్రాత గుర్తుకు వచ్చింది. ఉక్కు గేజి గుర్తుకు వచ్చింది. నేను కొన్నేండ్లుగా పై పంక్తిని చూడలేదు. నా పంక్తిని చూచి నేనే వ్రాసుకుంటున్నాను. విసుగు ఒకే కుండను వేయిసార్లు చేయడంవలన వచ్చినది కాదు. వేయిసార్లు చేస్తూ అది ఎందుకోసమో ఒక్కసారికూడ చూడకపోవడంవలన వచ్చినది.

మరి కుమ్మరికి పై పంక్తి ఏది? నాయన చేసిన కుండయా? అదీ కాదు. అట్లా అనుకొంటే నాయన తప్పులనుకూడ మోయవలసి వస్తుంది. కడవకు పై పంక్తి దాహం. వంటచట్టికి పై పంక్తి పొయ్యి: మంట తగిలినప్పుడు గోడ వ్యాకోచించి పగలకుండ ఉండవలెనంటే మట్టిలో గరుకు ఇసుక ఉండి తీరాలి. ప్రమిదకు పై పంక్తి వత్తి నిలిచే మూతి, నూనె కారని అడుగు. వీటన్నిటికి పైన మట్టి ఉన్నది. ఏ ఏటి మట్టి ఆ ఏటిదే. ఒకే చెరువు మట్టి ఒక ఏడు బంకగా, మరొక ఏడు చౌడుగా వస్తుంది. దానిని నోటితో, వ్రేళ్లతో పరీక్షించకుండ నిన్నటి పాళ్లే కలిపేవాడు సగం నిద్రలో ఉన్నట్టే.

ఆ ముసలమ్మ కడవ ఈనాటికీ మా కొట్టంలో అరుగుమీద ఉన్నది. అప్పటినుండి ప్రతి వేసవి పనికి ముందు నెల దినాలు నేను చేసిన కడవ నీళ్లే మా ఇంట్లో త్రాగుతాం. చల్లబడకపోతే మట్టి పాలు మారుస్తాను. వ్యాపారులకు కూడ చెప్పాను: నున్నని పూత కావలసినవారికి పూలకుండలలో చేసి ఇస్తాను, నీళ్ల కడవకు చేయను అని. ఇద్దరు వెళ్లిపోయారు. ఒకరు మిగిలారు. ఆ సంవత్సరం ఇల్లు గడవడం కష్టమైన మాట దాచను.

ఒకే ఆకారాన్ని జీవితమంతా చేస్తూ కొత్తగా ఉండడం సాధ్యమా అని మీరు అడగవచ్చు. జపాను దేశంలో షోజీ హమదా అనే గొప్ప కుమ్మరి ఉండేవారు (1894-1978). మాషికో అనే కుమ్మరుల ఊరిలో స్థిరపడి అక్కడి మట్టితోనే పనిచేశారు. 1955లో ఆ దేశ ప్రభుత్వం ఆయనను సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఒకినావా దీవులలో చూచిన చెఱకు మొక్కను కుంచె గీతలుగా మార్చుకొని, దశాబ్దాలపాటు తన పాత్రలమీద ఆయన అదే బొమ్మను వేశారు. వేలసార్లు వేసినా అది అచ్చు గ్రుద్దినట్లు కాలేదు. ఆయన నిన్నటి గీతను చూచి గీయలేదు, ప్రతిసారీ చెఱకునే తలచుకొని గీశారు అని నేననుకుంటాను. చెఱకు తోటలు ఎరిగిన మనకు ఆ సంగతి చెప్పనక్కరలేదు; ఏ గాలికి ఏ ఆకు ఎట్లా వంగుతుందో ఎవరు లెక్క పెట్టగలరు?

అదే హమదా, బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్లేయుడు కలిసి 1920లో ఇంగ్లండులోని సెంట్ ఐవ్స్‌లో ఒక కుమ్మరిశాల నెలకొల్పారు. తర్వాతి కాలంలో అక్కడ పనిచేసిన యువకులు పగలంతా పట్టికలో ఉన్న గిన్నెలు, పళ్లెములు, కూజాలే ఒకే కొలతలో చేసేవారు. పని గంటలు ముగిసిన తర్వాత తమ సొంత పాత్రలు చేసుకొనేవారు. అంత దూరమెందుకు? మన పొరుగున పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ అనే ఇద్దరు 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించారు. భోజనపు బల్లమీది పాత్రల అమ్మకంతో శాలను నిలుపుకొంటూనే శిష్యులకు పని నేర్పారు. మీకర్ మట్టితో ఇల్లు కట్టి ఆ ఇంటినే ఆవమువలె కాల్చే ప్రయోగాలు చేశారు. ఇక్కడ గమనించవలసినది ఒకటే. వారెవ్వరూ అమ్ముడుపోయే పాత్రను చిన్నచూపు చూడలేదు. దానితోనే జీవించారు. కాని రోజంతా దానికే ఇచ్చివేయలేదు.

ఇది చదివినప్పుడు మా ఇంటికి సరిపడే ఏర్పాటు ఏమిటా అని ఆలోచించాను. మాకు పని గంటల తర్వాత మిగిలేది నడుము నొప్పి మాత్రమే. అందుచేత గంటలకు బదులు ఆవంలో చోటు కేటాయించాను. ప్రతి ఆవంలో ఒక మూల అయిదారు కుండలు అమ్మకానికి కావు. అవి నేర్చుకొనడానికి. ఒకసారి వరి ఊక పాలు పెంచి, ఒకసారి బూడిద కలిపి, ఒకసారి వేరొక చెరువు మట్టి తెచ్చి చేస్తాను. ఫలితం, బాగున్నా పాడైనా, నోటు పుస్తకంలో వ్రాసుకుంటాను. ఆ వ్రాత ఈ పాఠశాల పెట్టిన భిక్ష.

మా ఇంటి ఆమె మొదట ఒప్పుకోలేదు. "ఆ మూల అయిదు కుండల డబ్బు ఎవరు ఇస్తారు?" అన్నది. న్యాయమైన ప్రశ్న. వానలు ఎక్కువై పని నిలిచిన రెండు సంవత్సరాలు ఆ మూలను కూడ అమ్మకపు కుండలతోనే నింపాను. బిడ్డల ఫీజులు కట్టవలసి వచ్చింది. అందుకు నేను సిగ్గుపడను. కడుపు మొదటిది. కాని ఎండలు రాగానే ఆ మూలను మళ్లీ ఖాళీ చేయించినది ఆమెయే. "నువ్వు ఆ మూల లేని రోజుల్లో ఇంట్లో మాట్లాడవు" అన్నది.

ఆ మూల నాకు ఇచ్చిన ఒక బహుమానం చెబుతాను. మన జిల్లాలోని మయిలాడుంపారై త్రవ్వకాలలో దొరికిన ఆధారాలను బట్టి ఇనుము వాడకం క్రీస్తు పూర్వం 2172 నాటికే ఉన్నదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అందరూ ఇనుమును గూర్చి మాట్లాడారు. నా కన్ను అదే వార్తలోని మరొక మాటమీద నిలిచింది. నలుపు-ఎరుపు మట్టిపాత్రలు కూడ అక్కడ నవీన శిలాయుగపు చివరి దశనుండే, అనగా సుమారు నాలుగువేల రెండువందల ఏండ్ల క్రిందటినుండే ఉన్నాయట. లోపల, మూతివద్ద నలుపు; వెలుపల అడుగున ఎరుపు. ఒకే కుండలో రెండు రంగులు ఎట్లా వస్తాయి? కుండను బోర్లించి, మూతిని ఊకలోనో ఆకులలోనో కప్పి కాల్చితే, గాలి అందని భాగం పొగతో నల్లబడుతుంది. గాలి తగిలిన భాగంలోని ఇనుము ఎర్రబడుతుంది. చదివితే ఇంతే. చేయబోతే ఆరు కుండలలో నాలుగు మసిబారి, ఒకటి పగిలి, ఒకటి మాత్రం కుదిరింది. ఆ ఒక్కదానిని చేతిలోకి తీసుకొన్నప్పుడు, ఈ కొండల నడుమ నాకంటె నాలుగువేల ఏండ్ల ముందు ఇదే ఊకను ఇట్లాగే కప్పి, ఇట్లాగే తెరిచి చూచిన చేయి ఒకటి ఉన్నదని తోచింది. ఆనాడు నా వయస్సు పది సంవత్సరాలు తగ్గింది.

కొత్త వస్తువు చేయడం తప్పు అని నా అభిప్రాయం కాదు. గుజరాతులో వాంకానేరుకు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి అనే కుమ్మరి, 2001 భూకంపం తర్వాత పగిలిన కడవ ఫోటోను పత్రికలో చూచారు. పేదవాని ఫ్రిజ్ పగిలినదని దాని క్రింద వ్రాసి ఉన్నది. ఆ మాటను పట్టుకొని కొన్నేండ్లు శ్రమించి, కరెంటు అక్కరలేకుండ కూరగాయలు, పాలు నిలువ ఉంచే మట్టి ఫ్రిజ్‌ను తయారుచేశారు. మిట్టికూల్ పేరుతో అది దేశమంతటా తెలిసింది. చూడడానికి అది ఎవరూ చేయని కొత్త ఆకారం. కాని అందులో పనిచేసేది చెమర్చే కడవయే. ఆయన కొత్తదనాన్ని వెతకలేదు. పై పంక్తిని మరొకసారి శ్రద్ధగా చదివారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డలను సారె ముందు కూర్చోబెట్టమని నేను అడగను. నా కుమారుడే కార్ఖానాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవునాడు వచ్చి మట్టి తొక్కుతాడు. అది చాలు. వాడు చేసే పని, ఈ సభలోని గుమస్తాలు, ఉపాధ్యాయులు, రైతులు, వైద్యులు చేసే పని, అన్నీ ఒక విధంగా చూచివ్రాతలే. ముప్పదవ ఏడు అదే పాఠం చెప్పే ఉపాధ్యాయుడు నిన్నటి పాఠాన్ని చూచి చెబుతున్నాడా, ఎదుట కూర్చుండిన బిడ్డ ముఖాన్ని చూచి చెబుతున్నాడా అన్నదే ప్రశ్న.

మన తెలుగుకు కూడ ఈ మాటే వర్తిస్తుంది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పటినుండి ఈ సరిహద్దులో మన బడులు, మన భాష ఎంత కలతపడ్డాయో మీకు తెలుసు. తమిళం నేర్చుకొనడం మనకు మేలే. మా కుండలు కొనేవారిలో సగంమంది తమిళులు, కన్నడిగులు. కాని ఇంట్లో వినిన రెండు మాటలనే చూచి వ్రాసుకొంటూ పోతే భాష పదవ పంక్తికి పడిపోతుంది. పుస్తకం తెరచి పై పంక్తిని చూపించే చోటు ఈ పాఠశాల. అందుకే ఇది నిలవాలి.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన సామెత. డెబ్బది అయిదేండ్లుగా గురువులు చేసిన ఈ కుండను పగులనీయకుండ కాపాడుకొనే బాధ్యత మనది. ఈ ఉత్సవానికి గుర్తుగా పాఠశాల వరండాలో పిల్లలకోసం నేను చేసిన రెండు కడవలు పెట్టించాను. నీళ్లు త్రాగి చూడండి. చల్లగా లేకపోతే మొగమాటపడకుండ కడవను చంకనెత్తుకొని మా ఇంటికి రండి. అంతకంటె మేలు నాకు మరెవ్వరూ చేయలేరు.